జబ్బు తగ్గిందంటున్నారు, మరి ఈ బరువు దేనిది?

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో లెక్కలు రాసే 38 ఏళ్ల పాఠకుడు ఏడు పేజీల ఉత్తరం పంపారు. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. పదేళ్లలో ఆయనకు బైపోలార్ జబ్బు, అంటే మనసు ఒకసారి ఉద్రేకంలోకి, ఒకసారి దిగులులోకి ఊగిపోయే జబ్బు, మూడు విడతలుగా వచ్చింది. రెండుసార్లు ఉద్రేకం, ఒకసారి దిగులు. చివరి ఉద్రేకం రెండున్నరేళ్ల కిందట, యాసంగి వడ్లు మిల్లుకు దిగుతున్న రోజుల్లో పట్టుకుంది. ఆరు రాత్రులు కాంటా దగ్గరే గడిపి, నిద్రతో పనే లేదనుకుని, రెండు రూపాయల మిత్తికి నాలుగు లక్షలు తెచ్చి ఒక బత్తాయి తోటకు బయానా కట్టేశారు. తోట రాలేదు, బయానా వెనక్కి రాలేదు, అప్పు ఇంకా సగం మిగిలే ఉంది.

అప్పటి నుంచి లిథియం 300 మిల్లీగ్రాముల గోలీలు ఉదయం ఒకటి, రాత్రి రెండు, వాటితో పాటు పడుకునే ముందు 10 మిల్లీగ్రాముల ఒలాంజపైన్ క్రమం తప్పకుండా వేసుకుంటున్నారు. మళ్లీ విడత రాలేదు. డాక్టరు కూడా తగ్గిందనే అన్నారు. "కానీ నేను బాగున్నానని నాకు అనిపించడం లేదు" అని రాశారాయన. "పొద్దున పదకొండు దాకా తల మీద తడిసిన గోనెసంచి వేసినట్టు ఉంటుంది. ట్రక్ షీట్ల మొత్తం మూడుసార్లు కూడితే మూడు రకాలుగా వస్తుంది. ఒకప్పుడు నలభై లారీల తూకాలు చూడకుండా చెప్పినవాణ్ని, ఇప్పుడు పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటున్నాను. హమాలీలు చూసి చూడనట్టు ఊరుకుంటున్నారు. దేని మీదా ఇష్టం లేదు. కోపం మాత్రం ఊరికే వస్తుంది, అది దిగడానికి రోజంతా పడుతుంది."

ఇంట్లో సంగతి ఇంకో రకం. మొన్నటి బతుకమ్మ నాడు బిడ్డతో కలిసి ఆయన గట్టిగా నవ్వారట. భార్య ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, గోలీల అట్ట తీసి ఎన్ని మిగిలాయో లెక్క చూసుకుందట. అన్న "మంచిగనే ఉన్నవ్ గదా, ఇంకేం గావాలె నీకు" అంటాడు. దేవరకొండలో ఉండే బావమరిది "ఆ గోలీలే నిన్ను గొడ్డును జేసినయ్, బంద్ జెయ్" అంటున్నాడు. తల్లి అమాస అమాసకు చెర్వుగట్టు గుడికి తీసుకుపోతోంది. ఆయన అడిగినవి నాలుగు ప్రశ్నలు. ఇది జబ్బా, మందుల గుణమా, తన తత్వమే ఇంతా? మందులు ఆపితే ఏమవుతుంది? మిల్లు నడిపే సేటుకు చెప్పాలా? మళ్లీ మునుపటి మనిషిని అవుతానా?

ఐదో పేజీ కింద ఒక వాక్యం రాసి కొట్టేశారు. "నేను లేకపోతే వీళ్ల బరువు తగ్గుతుందేమో" అన్నంత వరకు చదవగలిగాను.

జవాబు ఆ వాక్యంతోనే మొదలుపెట్టాలి. అలాంటి ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడవలసిన పని లేదు, అయితే దాన్ని కాగితం మీద కొట్టేసినంత మాత్రాన అది మనసులోంచి పోదు. ఎప్పుడో ఒకసారి వచ్చి పోయే ఆలోచన అయితే ఈ వారమే మీ భార్యకు, వచ్చే ఓపీలో డాక్టరుకు అదే మాటల్లో చెప్పండి. తరచుగా వస్తున్నా, ఎలా అన్నంత దూరం పోతున్నా ఓపీ రోజు కోసం ఆగవద్దు. ఆ పూటే ఎవరినైనా పక్కన ఉంచుకుని జిల్లా ఆస్పత్రికి వెళ్లండి. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలో చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. ఇంట్లో వాళ్లకు మీరు బరువు అన్న మాట మీ లెడ్జరులో వచ్చిన తప్పు మొత్తం లాంటిదే. దిగులుగా ఉన్న తల కూడిన లెక్క అది.

ఇక మొదటి ప్రశ్న. విడతకూ విడతకూ మధ్య మనిషి పూర్తిగా మామూలు అయిపోతాడన్న నమ్మకం చాలా పాతది. జర్మనీలో క్రేపెలిన్ అనే వైద్యుడు 1899లో ఈ జబ్బును వేరే మానసిక రోగాల నుంచి విడదీసినప్పటి నుంచి అది వైద్యుల్లోనూ జనంలోనూ పాతుకుపోయింది. వాస్తవం అంత సాఫీగా లేదు. అమెరికాలో లూయిస్ జడ్ బృందం మీలాంటి మొదటి రకం (పూర్తి స్థాయి ఉద్రేకం వచ్చే) బైపోలార్ ఉన్న 146 మందిని సగటున 12.8 ఏళ్ల పాటు వారం వారం గమనించి 2002లో ఆ లెక్కలు ప్రకటించింది. మొత్తం వారాల్లో దాదాపు 47 శాతం వారాలు ఏదో ఒక లక్షణంతోనే గడిచాయి. ఆ 47లో దిగులు వైపువి సుమారు 32, ఉద్రేకం వైపువి 9, మిగిలినవి రెండూ కలగలిసినవి. పూర్తి స్థాయి విడతలో ఉన్న వారాల కంటే, విడత అనిపించుకోనంత చిన్న లక్షణాలతో గడిచిన వారాలు దాదాపు మూడు రెట్లు. అంటే మీరు ఉన్న ఈ స్థితి జబ్బు దాటిన అవతలి గట్టు కాదు, చాలామంది రోగులు ఎక్కువ కాలం గడిపే చోటు. కనుక మీ అన్న మాట తప్పు, మీ తత్వమే ఇంత అని మీరు అనుకుంటున్నదీ తప్పు.

అయితే అంతా జబ్బు మీదికే నెట్టేసినా చిక్కు విడిపోదు. మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు ఆ తడి గోనెసంచి ఒకటి కాదనీ, నాలుగైదు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయనీ అనిపించింది.

మీరు రాసిన వేళలే చూడండి. సీజనులో మిల్లు నుంచి వచ్చేసరికి రాత్రి పదకొండున్నర అవుతోంది, అప్పుడు తిని ఒలాంజపైన్ వేసుకుంటున్నారు. ఆ మందు మత్తు సహజంగానే మరునాటి పొద్దు ఎక్కేదాకా ఉంటుంది. పదకొండు దాటాక తల కొంత తేలికపడుతోందని మీరే రాశారు. దిగులు ఉన్నవాళ్లకు కూడా పొద్దుటి పూటే బరువుగా ఉండి సాయంత్రానికి తేలికపడటం మామూలే కాబట్టి ఇది పూర్తిగా మందు పనే అని ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. తేల్చుకునే దారి మాత్రం ఉంది. ఈ గోలీని రాత్రి ఎనిమిదిన్నరకో తొమ్మిదికో జరపవచ్చా, మోతాదు కొద్దిగా తగ్గించే వీలుందా అని డాక్టరును అడగండి. రెండు మూడు వారాల్లో పొద్దుటి బరువు ఎంత తగ్గిందో అంతవరకు మందుది, మిగిలింది ఇంకొకదానిది. తొందరగా వేసుకుంటే మిల్లులోనే మత్తు వస్తుందన్న చిక్కు ఉంది, దాని గురించి సేటు సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

రెండున్నరేళ్లలో పదకొండు కిలోలు పెరిగానన్నారు, చర్మం పొడిబారుతోందన్నారు, ఎండాకాలంలో కూడా ఫ్యాను గాలికి చలి పుడుతోందన్నారు. బరువు పెరగడానికి ఒలాంజపైన్ ఒక్కటే చాలు, కానీ ఈ మూడూ కలిసి కనిపించినప్పుడు ముందుగా థైరాయిడ్ గుర్తుకు రావాలి. లిథియం వాడేవారిలో కొందరికి థైరాయిడ్ గ్రంథి మందగిస్తుంది. మందగిస్తే నీరసం, మతిమరుపు, దేని మీదా ఆసక్తి లేకపోవడం అచ్చం దిగులు జబ్బు లాగే వస్తాయి. మీకు ఆ పరీక్ష చేసి ఏడాదిన్నర అయిందట. ఆరు నెలలకొకసారి చేయించవలసిన పరీక్ష అది. థైరాయిడ్ తక్కువగా ఉందని తేలినా లిథియం మానాల్సిన పని సాధారణంగా ఉండదు, దానికి వేరే చిన్న గోలీ రోజూ పరగడుపున వేసుకుంటే సరిపోతుంది. దానితో పాటు రక్తంలో లిథియం మోతాదు, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్, షుగరు, కొవ్వు పరీక్షలు కూడా చేయించుకోండి.

లిథియం పరీక్షలో ఒక మెలిక ఉంది. చివరి గోలీ వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి, ఆ ఉదయపు గోలీ రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. రాత్రి పదకొండున్నరకు వేసుకుని పొద్దున ఎనిమిదికి ల్యాబులో కూర్చుంటే అంకె ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తుంది. అది చూసి డాక్టరు మోతాదు తగ్గించే ప్రమాదమూ ఉంది. మామూలుగా లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్‌ల వరకు ఉంచుతారు, కొందరికి 1.0 దాకా. 1.5 దాటితే విషమవుతుంది.

విషం మాట ఊరికే ఎత్తలేదు. ఉత్తరంలో మీరు ఒకే ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. కూర్చుని కూర్చుని నడుము పట్టేస్తే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుని, నొప్పి గోలీలు వారం రోజులు మింగుతున్నారట. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రకం నొప్పి మందులు లిథియంను ఒంట్లోంచి బయటకు పోనీయకుండా ఆపుతాయి, మోతాదు మీకు తెలియకుండానే రక్తంలో పెరిగిపోతుంది. నల్లగొండ మే నెల ఎండ, మిల్లులో ఊక దుమ్ము, ఒళ్లంతా చెమట, పైన ఈ గోలీలు. నాలుగూ కలిస్తే ప్రమాదమే. నడుము నొప్పికి పారాసిటమాల్ వరకే ఉంచుకోండి, ఏ సూదికైనా చేయి చాపే ముందు "నేను లిథియం మీద ఉన్నాను" అని ఆర్ఎంపీకి చెప్పండి. ఎండాకాలంలో నీళ్లు బాగా తాగండి, బీపీ వస్తుందేమోనన్న భయంతో ఉప్పు ఒక్కసారిగా మానకండి. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తరువాతి గోలీ వేసుకోకుండా అదే రోజు ఆస్పత్రికి పోవాలి.

ఇవన్నీ సర్దుకున్నాక కూడా మిగిలేది నిజమైన మిగులు దిగులు. తప్పుల లెక్కలు, ఆసక్తి లేమి, ఒకసారి రేగిన కోపం రోజంతా దిగకపోవడం, ఈ మూడూ విడతల మధ్య చాలామందిలో కనిపించేవే. ధ్యాస, జ్ఞాపకం, లెక్క వేసే వేగం కొంత తగ్గడం కూడా ఈ జబ్బులో భాగమేనని ఇప్పుడు వైద్యులు ఒప్పుకుంటున్నారు. దీన్ని పట్టించుకోకపోతే మనిషి బతుకు మందగించడమే కాదు, ఇలాంటి మిగుళ్లు ఉన్నవారికి తరువాతి విడత తొందరగా వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే ఇది ఓర్చుకుని ఊరుకోవలసిన సంగతి కాదు. మందుల్లో మార్పుకు దారులున్నాయి. ఒలాంజపైన్ స్థానంలో క్వెటియాపైన్ గానీ, లిథియంకు తోడుగా లామోట్రిజిన్ గానీ ఇవ్వడం డాక్టర్లు ఆలోచిస్తారు. క్వెటియాపైన్‌తోనూ మత్తు, బరువు ఉంటాయి. లామోట్రిజిన్‌తో ఆ రెండూ తక్కువే అయినా చాలా నెమ్మదిగా పెంచాలి, ఒంటి మీద దద్దు వస్తే వెంటనే ఆపి డాక్టరును కలవాలి. ఒక్కటి మాత్రం చేయకండి. ఊళ్లో ఎవరైనా దిగులు తగ్గుతుందని ఉత్త డిప్రెషన్ గోలీ ఇస్తే దాన్ని సొంతంగా మొదలుపెట్టకండి, బైపోలార్ ఉన్నవారిని అది ఉద్రేకంలోకి తోసేయగలదు.

మరి ఇన్నాళ్లు డాక్టరు ఇవన్నీ ఎందుకు అడగలేదు? మీరు ఓపీలో జరిగేది రాశారు. "ఎట్లున్నవ్?" "మంచిగున్న సార్." "నిద్ర?" "పడ్తుంది సార్." "అవే గోలీలు వాడు." మూడు నిమిషాలు. వెనుక అరవై మంది ఉన్నప్పుడు ఆయన అంతకంటే అడగలేకపోయి ఉండవచ్చు, కానీ మంచిగున్న అని అబద్ధం చెప్పింది మీరు. కొంచెం కటువుగా అన్నాను, ఏమీ అనుకోకండి. మీరు లెక్కలు రాసే మనిషి కనుక మీకు చేతనయిన పనే చెబుతాను. ఒక చిన్న నోట్‌బుక్కు పెట్టి రోజుకు ఒక వరస రాయండి. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, తల ఎన్ని గంటలకు తేలికపడింది, మనసు పదికి ఎన్ని, లెక్కలో ఎన్ని తప్పులు దిద్దారు. నెల తరువాత ఆ పేజీలు డాక్టరు బల్ల మీద పెట్టి "సార్, విడత లేదు, కానీ ఇట్లుంటున్న" అనండి. మూడు నిమిషాలే దొరికినా అప్పుడు ఆ మూడు నిమిషాలకు పని ఉంటుంది. అయినా ఆయన చూడకపోతే నల్లగొండ, సూర్యాపేట ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో అడగవచ్చు, హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ఉండనే ఉంది. మాటలతో చేసే చికిత్స గురించి కూడా అక్కడే అడగండి. నిద్ర, తిండి, పని వేళలను ఒక పద్ధతిలోకి తేవడం, విడత ముందస్తు గుర్తులు నేర్పడం, కుటుంబాన్ని కూర్చోబెట్టి చెప్పడం, ఇవి మందులతో కలిసినప్పుడు మేలు చేస్తాయని తేలిన పద్ధతులు.

మందులు ఆపే విషయం. మీ బావమరిదికి మీ మీద ప్రేమే ఉంది, కానీ ఆయన చెప్పిన పని చేస్తే వరసగా జరిగేది ఇది. మొదటి రెండు వారాలు మత్తు దిగుతుంది, తల తేలికవుతుంది, "చెప్పిన గదా" అంటాడు. లిథియం ఒక్కసారిగా ఆపిన తరువాతి కొన్ని నెలల్లోనే ఉద్రేకం తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ, ఆత్మహత్య ఆలోచనలను అదుపులో ఉంచడంలో లిథియంకు ఉన్న బలమూ అప్పుడే పోతుంది. కొట్టేసిన ఆ వాక్యం రాసిన మీకు ఆ అండ ఇప్పుడు తీసేయకూడదనే నేను అనుకుంటాను. ఇప్పుడున్నట్టే ఏమీ మార్చకుండా సాగితే విడత రాకపోవచ్చు, కానీ మీరు ఇలాగే పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటూ ఇంకో పదేళ్లు గడుపుతారు, ఏదో ఒక రోజు విసిగి మొత్తం మందులు కాలువలో పారేస్తారు. మూడోది నెమ్మదైన దారి. డాక్టరు చేతుల మీదుగా, ఒకసారి ఒక్కటే మార్చుతూ, మార్చిన ప్రతిదానికీ నెలో రెండు నెలలో సమయం ఇస్తూ పోవడం. ఇందులో ఓపిక ఖర్చవుతుంది, మధ్యలో ఒక మార్పు పనికిరాకుండా పోయే అవకాశమూ ఉంది. ఏది ఎంచుకోవాలన్నది మీ చేతుల్లోనే ఉంది.

అమ్మతో చెర్వుగట్టుకు వెళ్లడం మానవద్దు. అమాస రాత్రి అక్కడే నిద్ర లేకుండా గడపడం మాత్రం మానండి, పొద్దున వెళ్లి దండం పెట్టుకుని రండి. శివరాత్రి జాగారమైనా, పెళ్లి ఊరేగింపైనా, సీజనులో కాంటా దగ్గర రాత్రి డ్యూటీ అయినా మీకు నిద్ర లేకపోవడమే నిప్పు. మీ రెండు ఉద్రేకాలూ రాత్రులు తెల్లవార్లూ మేలుకున్న రోజుల్లోనే మొదలయ్యాయని మీ ఉత్తరమే చెబుతోంది.

సేటు దగ్గరికి వద్దాం. ఏమీ చెప్పకపోతే రాత్రి డ్యూటీలు తప్పవు, పొద్దుటి తప్పులను బద్ధకం అనుకుంటాడు. జబ్బు పేరుతో సహా అంతా చెబితే మంచి మనిషి అయితే సర్దుతాడు, కాకపోతే వచ్చే సీజనులో మీ కుర్చీలో ఇంకొకరు ఉంటారు, ఊరంతా "పిచ్చి" అన్న మాట తిరుగుతుంది. మధ్యలో ఒక దారి ఉంది. "నరాలకు మందులు వాడుతున్నాను, రాత్రి తొమ్మిదికి వేసుకోవాలి, పొద్దున పదిన్నర తరువాత లెక్కలు నాకు అప్పగించండి, అంతకు ముందు తేమ చూడటమో, బస్తాలు ఎంచడమో చేస్తాను" అని అడగడం. అబద్ధం లేదు, అవసరమైనంతే చెప్పినట్టు. ఆయన స్వభావం మీకు తెలిసినంతగా నాకు తెలియదు గనుక ఎంత చెప్పాలన్నది మీరే తూచుకోండి. ఏ దారి పట్టినా తప్పు పోకుండా ఒక ఉపాయం పెట్టుకోవచ్చు. పెద్ద మొత్తాలు పొద్దున కూడి, మధ్యాహ్నం రెండింటికి మళ్లీ కూడండి, లేదా కాలిక్యులేటరు కాగితం పట్టీ ఉన్నది వాడండి. నోటి లెక్క రాకపోవడం ఉద్యోగానికి అడ్డమేమీ కాదు.

అప్పు సంగతి వేరుగా చూడాలి. అది జబ్బు లక్షణం కాదు, దానికి గోలీ లేదు. రెండు రూపాయల మిత్తి నెల నెలా గుండె మీద కూర్చుంటే ఆరోగ్యవంతుడికైనా పొద్దున లేవబుద్ధి కాదు. మీ అన్నకు నిజంగా సాయం చేయాలని ఉంటే సలహాలు ఆపి, అప్పు ఇచ్చినాయన దగ్గరికి మీతో వచ్చి అసలుకు వాయిదాలు మాట్లాడించమనండి.

మీ భార్య గోలీలు లెక్కపెట్టిన రాత్రి మీకు అవమానం అనిపించింది, అనిపించక మానదు. ఆమె వైపు నుంచి చూస్తే నాలుగు లక్షల అప్పు కూడా ఒక గట్టి నవ్వుతోనే మొదలైంది. నవ్వుకూ విడతకూ తేడా తెలిసే గుర్తులు ఆమె దగ్గర లేవు గనుక ప్రతి నవ్వునూ అనుమానిస్తోంది. ఆ గుర్తులు మీరిద్దరూ కలిసి, ఆమె చేతిరాతతో, ఒక కాగితం మీద పెట్టండి. మీ ఉత్తరంలోంచి నాకు దొరికినవి మూడు. వరసగా రెండు రాత్రులు నాలుగు గంటలే పడుకుని కూడా అలసట లేకపోవడం, భూముల ధరల గురించి మనుషులకు ఫోన్లు చేయడం, జేబులో కొత్తగా డబ్బు కనబడటం. ఇందులో రెండు కలిసి కనిపిస్తే ఆమె మిమ్మల్ని అడగకుండానే డాక్టరుకు ఫోను చేయవచ్చు, ఏటీఎం కార్డు తీసి పెట్టుకోవచ్చు అని మీరే సంతకం చేయండి. అవి లేని రోజున మీ నవ్వు గురించి ఆమె ఏమీ అడగకూడదని ఆమె సంతకం. వైద్యం ఎలా ఉండాలో, మీ తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసిపెట్టుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఇస్తోంది, ఇంట్లో కాగితంతో మొదలుపెట్టి అవసరమైతే అక్కడిదాకా పోవచ్చు.

చివరి ప్రశ్న, మునుపటి మనిషిని అవుతానా అన్నది. దానికి జవాబు చెప్పే ముందు మీ తేదీలు కలిపి చూశాను. నలభై లారీల తూకాలు నోటితో చెప్పి సేటుతో శభాష్ అనిపించుకున్నది మూడో పేజీ ప్రకారం పదేళ్ల కిందటి ఒక దసరా. మొదటి ఉద్రేకంతో ఆస్పత్రిలో చేరింది ఆ వెంటనే వచ్చిన సంక్రాంతికి ముందు. ఆ దసరా నాటి చురుకుదనంలో కొంత మీది, కొంత అప్పటికే పైకి లేస్తున్న జబ్బుది అయి ఉండవచ్చు. ఆ మనిషిని కొలబద్దగా పెట్టుకుంటే ఎప్పటికీ తక్కువే తూగుతారు. అంతకు రెండేళ్ల ముందు, పని కొత్తగా నేర్చుకుంటున్న రోజుల్లో, తప్పులు దిద్దుకుంటూ, సాయంత్రం టీ తాగి ఇంటికి పోయిన ఒక గుమస్తా గురించి మొదటి పేజీలో రెండు వాక్యాలున్నాయి. ఆ మనిషి దగ్గరికి తిరిగి రావడం అసాధ్యమేమీ కాదనిపిస్తోంది.

ముందు పరీక్షలు చేయించండి, గోలీ వేళ అడగండి, నోట్‌బుక్కు మొదలుపెట్టండి. రెండు నెలల తరువాత ఆ నోట్‌బుక్కులో ఏముందో మాకు రాయండి. ఏ వాక్యమైనా కొట్టేయాలనిపిస్తే కొట్టేయకుండా అలాగే పంపండి.